పిడికెడు సందు

ఆ బస్సు డిపోలో బోర్డు మాస్టారి అసలు పేరు ఎవరికీ తెలియదు. ఎప్పుడైనా కొత్త గుమాస్తా ఆ పేరుతో పిలిస్తే, ఆయన కూడా అందరితో పాటు వెనక్కి తిరిగి, ఎవరా అని చూసేవాడు.

ఆయన ఉద్యోగమంతా ఒక గోడ. గోడకి నిలువెత్తు చెక్కబోర్డు. బోర్డు నిండా వరుసలుగా మేకులు. మేకుకొక ఇత్తడి బిళ్ళ, బిళ్ళకొక డ్రైవరు. ఏ బిళ్ళ ఏ మేకున వేలాడితే ఆ మనిషి ఆ రోజు ఆ బండి ఎక్కాలి. పొద్దున్నే డ్రైవర్లు వచ్చి అద్దంలో మొహం చూసుకున్నట్టు బోర్డు చూసుకునేవాళ్ళు.

ఒకప్పుడు ఆయనా చక్రం పట్టినవాడే. ఎడమ కంట్లో పొర కమ్మి, చూపు మందగించి దింపేశారు. దిగిన రోజు ఏడవలేదు. కానీ ఆ తర్వాత చాలాకాలం పాటు, భోజనానికి కూర్చున్నా సరే, కుర్చీ కింద ఆయన కుడికాలు బ్రేకు కోసం వెతుక్కునేదని భార్య చెప్పేది. అందుకే బోర్డు చేతికొచ్చాక ఒక ఒట్టు పెట్టుకున్నాడు. తన చేతుల మీదుగా ఇంకెవరూ చక్రం దిగకూడదు.

ఆ ఒట్టులోంచి పుట్టిందే నీడ వరుస.

బోర్డులో అట్టడుగు వరుస అది. ఆ డ్యూటీకి తెల్లవారుజామున రద్దీ ట్రిప్పులు, మళ్ళీ సాయంత్రం రద్దీ ట్రిప్పులు, మధ్యలో పగలంతా ఖాళీ. వేరే డిపోల్లో దీన్ని విరుపు డ్యూటీ అని తిట్టుకునేవాళ్ళు. మాస్టారు మాత్రం దాన్ని వరంలా పంచాడు. నడుం పట్టేసినవాడికీ, మెట్లెక్కితే ఆయాసం వచ్చేవాడికీ, పొట్ట పెరిగి సీట్లో సర్దుకోలేనివాడికీ ఆ వరుస ఇచ్చేవాడు. "ఎండ పూట బండి నడపక్కర్లేదు, నీడపట్టున కాస్త నడుం వాల్చుకో నాయనా" అనేవాడు. డ్రైవర్లు ఆయన్ని దేవుడన్నారు. ఆయన కాదనలేదు.

నీడ వరుసలో మొదటి మేకు ఆయన బావమరిదిది.

అతన్ని డిపో అంతా గుమ్మటం అని పిలిచేది. గేటు దగ్గర మలుపులో ముందు పొట్ట వచ్చి హాజరు వేయించుకునేదనీ, కాసేపటికి మనిషి వచ్చేవాడనీ చెప్పుకునేవాళ్ళు. అతను ఎక్కగానే బస్సు ఒక పక్కకి ఒరిగి పలకరించేదని పుల్ల అనే డ్రైవరు ప్రమాణం చేసి మరీ చెప్పేవాడు. పుల్ల ఎంత సన్నమంటే, సీటుబెల్టు పెట్టుకుంటే బెల్టు మాత్రమే కనిపించేది. గుమ్మటానికి ఈ వేళాకోళాలేమీ పట్టేవి కావు. చక్రం చేతిలో ఉంటే చాలు. తల్లి పోయాక అక్క ఇంట్లోనే పెరిగాడు. పసిప్రాయంలో పళ్ళెం తిప్పుతూ బస్సు ఆట ఆడినవాడు. బావ డ్యూటీకి వెళుతుంటే వెంటపడి ఏడ్చినవాడు. అతనికి వేరే పని రాదు, వేరే కోరికా లేదు.

అలాంటి డిపోలో పిడుగులా ఉత్తర్వు పడింది. ఇంకో ఊళ్ళో ఎవరో డ్రైవరు చక్రం తిప్పలేక బస్సుని గోడకెక్కించాడట. ఇక మీదట ప్రతి డ్రైవరికీ పిడికిలి పరీక్ష. సీట్లో కూర్చున్నప్పుడు స్టీరింగుకీ పొట్టకీ మధ్య డాక్టరు పిడికిలి దూరాలి. దూరకపోతే చక్రం దిగి, కడుగుడు షెడ్డుకి పోయి బస్సులు కడగాలి.

"ఎల్లుండే పరీక్ష" అని మేనేజరు చదివి వినిపించాడు. డ్రైవర్లందరూ ఒకేసారి ఊపిరి లోపలికి పీల్చారు. కొందరు ఎల్లుండి దాకా వదలనేలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో మాస్టారి భార్య పొయ్యి ముందు నిలబడి, వెనక్కి తిరగకుండానే అంది.

"వాణ్ణి దింపేస్తారాండీ?"

"నేనేం చెయ్యను? పిడికిలి డాక్టరుది."

"బోర్డు మీ చేతిలోదే కదా. ఏదో ఒకటి చూడండి. చక్రం దిగితే వాడు మనిషిగా మిగలడు. మీకు తెలియదా?"

ఆ చివరి మాట మాస్టారి గుండెలో గుచ్చుకుంది. గడపలో కూర్చుని చెప్పులు విప్పుతున్న గుమ్మటం మాత్రం నవ్వాడు. చెప్పు అందడానికి వంగలేక, కాలితోనే విదిలిస్తున్నాడు.

"అక్కా, నువ్వు బెంగపడకు. ఒక పిడికిలేంటి, రెండు దూరతాయి చూడు. నేను చూసుకున్నాగా."

"ఏం చూసుకున్నావురా?" అన్నాడు మాస్టారు.

"అది డ్రైవర్ల రహస్యం బావా. నువ్వు బోర్డు మనిషివి."

మర్నాడు మధ్యాహ్నం డిపోకి ఒకావిడ స్కూటరు మీద వచ్చింది. చేతిసంచిలో దారపు ఉండలు, అట్టముక్కలు. ఊళ్ళో జనం బరువు ఎందుకు పెరుగుతున్నారో పరిశోధిస్తోందట. ఆరోగ్యశాఖ పంపింది. విశ్రాంతి గదిలో బల్లల మీద పడుకున్న నీడ వరుస వాళ్ళు, ఇంకో ఉపన్యాసం వచ్చిందిరా బాబూ అన్నట్టు ఒక కన్ను తెరిచారు.

"నేను చదివింది వ్యవస్థల శాస్త్రం" అంది ఆవిడ. "ఒక మనిషి లావెందుకయ్యాడని అడగను. ఒకే చోట ఇంతమంది కలిసి ఎందుకు లావవుతున్నారో అడుగుతాను."

"అంటే తిండి మానెయ్యమని చెప్పరా?" అన్నాడు పుల్ల. అవసరం లేనివాడికే అనుమానాలెక్కువ.

"చెప్పను."

"అయితే కూర్చోండి మేడం, టీ తెప్పిస్తాం."

గది మూలన పాత బోర్డొకటి మేకులతో సహా గోడకి ఆనించి ఉంది. ఆవిడకి అది తెగ నచ్చింది. డ్రైవర్లు ఒక్కో మాట చెబుతుంటే అట్టముక్క మీద రాసి మేకుకి తగిలించింది. ఇది పెరిగితే ఏది పెరుగుతుంది అని అడిగి, అక్కడి నుంచి అక్కడికి దారం కట్టమనేది. అప్పుడే ఆవిడకి దారాల మేడం అని పేరు పడిపోయింది. మాస్టారు గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడి చూస్తున్నాడు.

మొదట అందరూ తలా ఒకరి మీద పడ్డారు. ఒకడు క్యాంటీను అన్నాడు. ఇంకొకడు నాలుక అన్నాడు. మూడోవాడు తన భార్య వంట మరీ బాగుంటుందని వాపోయాడు. "నీ భార్యకి చెబుతానుండు, నువ్విలా పొగడ్డం ఇదే మొదటిసారి" అన్నాడు పుల్ల. నవ్వుల మధ్య దారాలు సాగాయి. ఆయాసం నుంచి కదలకపోవడానికి ఒకటి. కదలకపోవడం నుంచి పొట్టకి ఒకటి. నిద్ర చాలకపోవడం నుంచి తీపి టీకీ, బన్నుకీ ఒకటి. మధ్యాహ్నం గదిలో జనం ఉంటున్నారని క్యాంటీనువాడు పొయ్యి ఆర్పడం మానేశాడు. పొయ్యి ఆరనందుకు, నీడ వరుసలో లేనివాళ్ళు కూడా ట్రిప్పు ట్రిప్పుకీ వచ్చి ఏదో ఒకటి నోట్లో వేసుకుని పోతున్నారు. దానికీ ఒక దారం.

"ఆయాసం పెరిగితే ఇంకేమవుతుంది?" అంది మేడం.

"ఏముంది మేడం, మాస్టారు దయతలచి నీడ వరుసలో వేస్తారు" అన్నాడు పుల్ల.

ఆవిడ ఒక కొత్త అట్ట రాసి తగిలించి, దారం కొసని మాస్టారి చేతికిచ్చింది.

"నీడ వరుసలో పడితే ఏది పెరుగుతుంది మాస్టారూ?"

"విశ్రాంతి" అన్నాడాయన టక్కున.

బల్ల మీంచి గుమ్మటం మెల్లగా లేచి కూర్చున్నాడు. సాయంత్రం ట్రిప్పుకి టైమవుతోంది. "విశ్రాంతా? తెల్లారకముందే లేవాలి, ఇల్లు చేరేసరికి ఊరు పడుకుంటుంది. నిద్ర ఎక్కడుంది బావా? ఇంటికెళ్ళి రావడానికి దూరం. ఇక్కడేముంది, తింటాం, దొర్లుతాం, మళ్ళీ తింటాం" అన్నాడు ఆవులిస్తూ. మాస్టారి చేతిలోని దారం కొసని సరదాగా లాక్కుని, 'నిద్ర చాలదు' అన్న అట్టకి ముడేశాడు. తువ్వాలు భుజాన వేసుకుని బండి తియ్యడానికి పోయాడు.

గదిలో నవ్వు ఆగింది. దారం గుండ్రంగా తిరిగి, బయలుదేరిన చోటికే వచ్చింది. నిద్ర లేక పొట్ట, పొట్ట వల్ల ఆయాసం, ఆయాసం వల్ల నీడ వరుస, నీడ వరుస వల్ల నిద్ర లేకపోవడం. తిరగలి.

"లావయ్యారనే కదమ్మా వాళ్ళకి ఆ వరుస ఇచ్చాను!" మాస్టారి గొంతు పెరిగింది. "నేనేదో లావు చేశానన్నట్టు మాట్లాడతావేంటి?"

"మీరు చేశారని నేననలేదు. ఈ బోర్డు మీద ఒక్కరే చేసింది ఏదీ లేదు."

"తిలాపాపం తలా పిడికెడు అన్నమాట" అన్నాడు మూల నుంచి ఒకడు.

పిడికిలి మాట వినగానే మేడం చటుక్కున తిరిగింది. "రేపటి పరీక్ష సంగతి ఎవరూ చెప్పలేదే. ఆ భయం పెరిగితే ఏం పెరుగుతుంది?"

పుల్ల మాస్టారి వైపు చూసి తల దించుకున్నాడు.

"చెప్పరా" అన్నాడు మాస్టారు.

"కొంతమంది... సీటు వెనక్కి జరుపుకున్నారు మాస్టారూ. పట్టాలకి అడ్డుండే బోల్టు తీసేస్తే ఇంకా వెనక్కి పోతుంది. అప్పుడు పిడికిలి దూరుతుంది."

"మరి బ్రేకు?"

"కాలివేలికి అందుద్ది."

"ఎవరెవరు?"

పుల్ల కళ్ళు ఇప్పుడే ఖాళీ అయిన బల్ల మీదికి పోయాయి.

మాస్టారు ఆఫీసు గదిలోకి పరిగెత్తి గుమ్మటానికి ఫోను చేశాడు. ఫోను ఆయన సొరుగులోనే మోగింది. డ్యూటీలో ఉన్నవాళ్ళ ఫోన్లు అక్కడే పెట్టాలన్న నియమం పెట్టించింది కూడా ఆయనే. గేటు దగ్గరకి వచ్చేసరికి బస్సు వదిలిన పొగ తప్ప ఏమీ లేదు.

ఆ రూటు గుట్టెక్కి, నీళ్ళ ట్యాంకు చుట్టూ తిరిగి, బడి ముందునుంచి కిందికి దిగుతుంది. బడి వదిలే వేళ.

"ఎక్కండి" అంది దారాల మేడం, స్కూటరు తిప్పుతూ.

ఆడవాళ్ళ వెనక స్కూటరెక్కడం ఆయన జన్మలో అదే మొదలు. దారి పొడుగునా ఆయన కుడికాలు గాలిలో బ్రేకు తొక్కుతూనే ఉంది. సందుల్లోంచి అడ్డంపడి గుట్ట అడుగున స్టాపు దగ్గరకి చేరారు. పుస్తకాల సంచులతో పిల్లలు రోడ్డు మీద మూగి ఉన్నారు. మాస్టారు రెండు చేతులూ చాచి వాళ్ళని గోడ వారకి తోశాడు. "ఏంటి తాతా?" అని ఒకమ్మాయి విసుక్కుంది.

మలుపు దగ్గర బస్సు కనిపించింది.

వేగం మరీ ఎక్కువేం కాదు. ఆయన్ని వణికించింది వేరే సంగతి. ముందద్దంలో గుమ్మటం తల మాటిమాటికీ మునిగి తేలుతోంది. బ్రేకు అందుకోవడానికి సీట్లోంచి కిందికి జారిన ప్రతిసారీ అతని కళ్ళు చక్రం కంటే కిందికి పోతున్నాయి. అంటే బ్రేకు వేసేటప్పుడు రోడ్డు కనపడదు. రోడ్డు కనపడేటప్పుడు బ్రేకు అందదు.

"ఒరేయ్!" అని అరిచాడు మాస్టారు. ఆ అరుపు గుట్ట మీది నీళ్ళ ట్యాంకు దాకా వెళ్ళి తిరిగొచ్చిందంటారు.

బస్సు స్టాపు దాటిపోయింది. చెత్తడబ్బాని అప్పచ్చిలా నొక్కేసింది. ముందు చక్రం కాలిబాట ఎక్కి, మాస్టారు పిల్లల్ని తోసిన గోడకి చేతిమేర దూరంలో ఆగింది. లోపల జనం ఒకరి మీద ఒకరు పడి తిట్లు లంకించుకున్నారు. ఎవరికీ ఏమీ కాలేదు.

గుమ్మటం చక్రం వదల్లేదు. మాస్టారు తలుపు తీసేసరికి చెమటలో తడిసి ముద్దయి ఉన్నాడు.

"బావా... రేపటిదాకానే అనుకున్నా. పరీక్ష అవ్వగానే ముందుకి జరిపేసేవాణ్ణి."

"సీటు జరుపు."

"పరీక్ష—"

"జరపరా!"

సీటు ముందుకి వచ్చింది. పొట్ట చక్రాన్ని ఆనుకుంది. మధ్యలో పిడికిలి కాదు కదా, పోస్టుకార్డు కూడా పట్టదు. జనాన్ని దింపేసి, మాస్టారు ఇంజను పెట్టె మీద కూర్చుని, నడిచే మనిషి వేగంతో బండిని డిపోకి తోలించాడు. మలుపు మలుపుకీ గుమ్మటం పొట్ట హారను నొక్కేది. కుడికి తిరిగితే ఒకసారి, ఎడమకి తిరిగితే రెండుసార్లు. జనం మేడల మీంచి తొంగిచూశారు. ఎప్పుడూ నవ్వే గుమ్మటం ఆ దారంతా ఏడుస్తూనే వచ్చాడు. హారను మోతలో ఆ ఏడుపు మాస్టారికి తప్ప ఎవరికీ వినిపించలేదు.

డిపో గేట్లో దిగేముందు గుమ్మటం ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "బావా, సీటు సంగతి నువ్వు చెప్పకపోతే ఎవరికీ తెలియదు. డబ్బా గుద్దానంటాను. రేపొక్క రోజు వెనక్కి జరుపుకుంటా. అక్క మీద ఒట్టు, మళ్ళీ జరపను."

మాస్టారు చెయ్యి విడిపించుకున్నాడు. తిన్నగా విశ్రాంతి గదిలోకి నడిచాడు. పాత బోర్డు ముందు నిలబడి ఆ గుండ్రటి దారాన్ని చూశాడు. దారం దాటే ప్రతి మేకుకీ ఏదో ఒక అట్ట ఉంది. ఆయాసానికీ నీడ వరుసకీ మధ్య మాత్రం ఒక ఖాళీ మేకు. అక్కడే కదా బిళ్ళని పైనుంచి కిందికి మార్చే చెయ్యి ఉండేది. ఆయనకి బిళ్ళ లేదు. కళ్ళద్దాలు తీసి ఆ మేకుకి తగిలించాడు. మసక చూపుతోనే తడుముకుంటూ మేనేజరు గదికి పోయాడు.

"సార్, బండ్లన్నిటికీ సీట్లు వెనక్కి పోకుండా ఈ సాయంత్రమే బోల్టులు బిగించాలి. బ్రేకు కాలినిండా అందేలా. ఆ తర్వాతే పరీక్ష."

మేనేజరు అదోలా చూశాడు. "అలా చేస్తే మీ నీడ వరుస మొత్తం షెడ్డుకే. మీ బావమరిదితో సహా."

"తెలుసు."

"మీ ఇంట్లో భోజనం పెడతారా మీకు?"

"పెట్టరు. అయినా బిగించండి. ఒక్కటే అడుగుతాను. షెడ్డుకి పోయినవాళ్ళకి చలికాలం వచ్చాక మళ్ళీ పిడికిలి పెట్టండి. ఈలోగా బోర్డు నేను మారుస్తాను."

"మార్చినా దూరకపోతే?"

"అప్పుడు నన్ను కూడా షెడ్డుకి పంపండి. బకెట్టు కనపడేంత చూపు ఉంది."

మర్నాడు డాక్టరు పిడికిలి ఒక్కో పొట్ట దగ్గరా ఆగుతూ పోయింది. గుమ్మటం దగ్గరకి వచ్చేసరికి ఆయన పిడికిలి బిగించనే లేదు. చూసి, తల అడ్డంగా ఊపాడు. గుమ్మటం దిగి, బోర్డు మీంచి తన ఇత్తడి బిళ్ళ తీసి మాస్టారి బల్ల మీద పెట్టి, బావ మొహం చూడకుండా షెడ్డు వైపు నడిచాడు.

ఆ తర్వాత ఆ ఇంట్లో గిన్నెలే మాట్లాడాయి. మాస్టారి భార్య గరిటె పళ్ళెం మీద కొడితే భోజనం తయారని అర్థం. రెండుసార్లు కొడితే చాలా, ఇంకా కావాలా అని అర్థం.

బోర్డు దగ్గరా ప్రశాంతత లేదు. విరుపు డ్యూటీ ఇక ఎవరికీ సొంతం కాదనీ, అందరికీ వంతులవారీగా వస్తుందనీ మాస్టారు చెప్పగానే పుల్ల అంతెత్తున లేచాడు. "నేనేం పాపం చేశాను మాస్టారూ? నాకు పొట్ట ఉందా?"

"లేదు. రాకూడదనే."

వారాలు గడిచినా ఏమీ మారలేదు. మాస్టారికి నిద్ర పట్టడం మానేసింది. దారాల మేడం వచ్చినప్పుడు నిలదీశాడు. "మార్పేదమ్మా? దారం తెంపాను కదా?"

"బస్సుకి బ్రేకు వేస్తే ఎంత దూరం పోయి ఆగుతుంది మాస్టారూ?"

"లోడుని బట్టి."

"ఇది డిపో అంత లోడు. ఆగలేదని మళ్ళీ కంగారుగా తిప్పకండి. నా లెక్క కూడా తప్పొచ్చు, చూద్దాం." ఆవిడ ఆ మాట దాచకుండా చెప్పినందుకు ఆయనకి ధైర్యం బదులు ఇంకా భయం వేసింది.

మార్పు దొంగలా వచ్చింది. మధ్యాహ్నం గది ఖాళీ అయి క్యాంటీనువాడు పొయ్యి ఆర్పడం మొదలుపెట్టాడు. షెడ్డు పని పొద్దున మొదలై సాయంత్రం ముగుస్తుంది. గుమ్మటం పొద్దుండగానే ఇల్లు చేరి, అక్క చేతి భోజనం తిని, రాత్రంతా గుర్రుపెట్టి పడుకుంటున్నాడు. ఒకరోజు గడపలో కూర్చుని చెప్పు విప్పడానికి వంగాడు. వేళ్ళు అందాయి. మాస్టారి భార్య చేతిలోని గరిటె ఆగిపోయింది.

చలి మొదలయ్యాక మేనేజరు మాట నిలబెట్టుకున్నాడు. కానీ పాత డాక్టరు బదిలీ అయ్యాడు. కొత్తాయన్ని చూసి డ్రైవర్ల గుండెలు జారాయి. ఆయన చెయ్యి చెయ్యి కాదు, రోకలి. పిడికిలి బిగిస్తే కొబ్బరికాయంత అయింది.

గుమ్మటం సీట్లో కూర్చున్నాడు. సీటు పట్టాలకి బోల్టు బిగించి ఉంది. అతను పొట్ట లోపలికి పీల్చబోతే "మామూలుగా కూర్చో" అన్నాడు మాస్టారు కింద నుంచి. ఆయన భార్య గేటు బయట కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది.

పిడికిలి చక్రం అంచు దాటింది. చొక్కా గుండీ దగ్గర ఆగింది. డాక్టరు మెల్లగా తోశాడు. హారను కుయ్యిమంది. మాస్టారి కుడికాలు నేలని గట్టిగా అదిమింది. పిడికిలి అవతలికి వచ్చింది. వచ్చాక, వెనక్కి తియ్యబోతే చేతి గడియారం చక్రానికి తట్టుకుని ఇరుక్కుపోయింది.

డాక్టరు మేనేజరు వైపు చూశాడు. "పిడికిలి దూరింది. గడియారం దూరలేదు. ఏం రాయమంటారు?"

మేనేజరు ఉత్తర్వు కాగితం తీసి మొదటి నుంచి చివరి దాకా చదివాడు. ఆ చదవడం ఒక యుగం పట్టింది. "దీన్లో గడియారం మాట లేదండీ" అన్నాడు.

ఆ రాత్రి ఇంట్లో గిన్నెలు నోరు మూసుకున్నాయి. "ఇంకొంచెం వేసుకోండి" అని మనిషి గొంతు వినిపించింది.

అందరి పిడికిళ్ళూ దూరలేదు. ఇద్దరు షెడ్డులోనే ఉండిపోయారు. మాస్టారు రోజూ ముందు వాళ్ళని పలకరించి గానీ బోర్డు దగ్గరికి వచ్చేవాడు కాదు. ఆ వంపు తిరిగిన దారాన్నీ, పాత కళ్ళద్దాలనీ దారాల మేడం అడిగినా ఇవ్వలేదు. తన డ్యూటీ బోర్డుకి తెచ్చి, అట్టడుగు వరుసకి కాస్త పైన మేకుకి తగిలించుకున్నాడు. తనకి వేరే అద్దాలు చేయించుకున్నాడు.

కొన్నాళ్ళకి ఒక ఉదయం గుమ్మటం నడుం పట్టుకుని వచ్చాడు.

"బావా, నిన్నటి నుంచి కాస్త లాగుతోంది. ఈ రెండు రోజులూ అడుగు వరుస ఇవ్వకూడదూ? నీడపట్టున కాసేపు పడుకుంటా."

మొహం నిజంగానే వాడి ఉంది. మాస్టారి ప్రాణం ఉసూరుమంది. అలవాటు పడిన చెయ్యి, ఆయన చెప్పకుండానే బిళ్ళ తీసుకుని కిందికి దిగింది. సగం దారిలో వేలికి కళ్ళద్దాలు తగిలాయి.

చెయ్యి అక్కడే ఆగింది.

"నడుం నొప్పయితే డాక్టరుకి చూపించు. ఇవాళ సెలవు రాసిస్తా" అన్నాడు మాస్టారు.

"ఆ రోకలి చేతాయనకా? అమ్మో!" అన్నాడు గుమ్మటం. బిళ్ళ లాక్కుని, తనే పై వరుసలో తగిలించుకుని బండి వైపు నడిచాడు.